సముద్రం వైపు గోడ

"గుడివాడ మేడం పోయారంటండీ" అని ఫోనొచ్చినప్పుడు నేను బందరు బస్టాండు ఎదుట స్కూటరుకి పంక్చరు వేయించుకుంటున్నాను. ఫోన్ చేసినవాడు ఒకప్పుడు మా దగ్గర సైట్ సూపర్‌వైజరు.

"ఆవిడెలా పోతారయ్యా?" అన్నాను.

పిచ్చి ప్రశ్నే. కానీ నోట్లోంచి అదే వచ్చింది. షుగరు ముదిరి కిడ్నీలు పోయాయనీ, కృత్తివెన్ను దగ్గర వాళ్ల ఊళ్లోనే సమాధి చేస్తారనీ అతను చెప్పుకుపోతున్నాడు. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. పంక్చరు వేసే అతను నా మొహం చూసి, "చుట్టాలాండీ?" అనడిగాడు. కాదన్నాను. "ఫ్రెండ్సా?" అన్నాడు. అదీ కాదన్నాను. కలిసి పనిచేసినన్నాళ్లూ ఆవిడా నేనూ పోట్లాడుకోని రోజంటూ లేదు. అలాంటి మనిషిని ఏమనాలో నాకూ తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాదొక చిన్న ప్రీకాస్ట్ కంపెనీ. గోడలు, స్తంభాలు, దూలాలు, స్లాబు పలకలు అన్నీ ముందే యార్డులో అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక ట్రైలరు మీద సైటుకి తోలి, క్రేనుతో లేపి ఒకదానికొకటి బిగించే పని. యార్డు బందరు శివార్లలో ఉండేది. దానికి నేను ఇన్‌చార్జిని. డిజైన్ ఆఫీసు గుడివాడలో ఒక మందుల షాపు మీద రెండు గదులు. దానికి ఆవిడ పెద్ద. యార్డులో ఒక్క ముక్క కూడా పోయకముందే భవనం మొత్తం ఆవిడ కంప్యూటర్లో విడివిడి ముక్కలుగా నిలబడి ఉండేది. దాన్ని మోడల్ అనేవాళ్లం.

ఆవిడ ఫోన్ చేస్తే హలో ఉండదు, బాగున్నారా ఉండదు.

"ఏవండీ, పొద్దున పోసిన గోడ ఎవరింటిది?"

ఇదీ పలకరింపు. ఎందుకంటే ఆవిడ పద్ధతిలో ప్రతి ముక్కకీ ఒక ఇంటిపేరు ఉండాలి. మోడల్‌లో వందల ముక్కలుంటాయి కదా, వాటిని ఏదో ఒక వరసలో గుంపులు కట్టాలి. అందరూ కట్టే పద్ధతి ఒకటుంది. స్తంభాలన్నీ ఒక గుంపు, దూలాలన్నీ ఒక గుంపు, గోడలన్నీ ఒక గుంపు. కంప్యూటరు కూడా దానంతటది అలాగే కట్టిస్తుంది. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "పెళ్లిలో మగాళ్లందరినీ ఒక గదిలో, ఆడాళ్లందరినీ ఒక గదిలో పెడితే ఎవరు ఎవరి తాలూకో ఎలా తెలుస్తదండీ?" అనేవారు. ముందు ఏ వైపు, తర్వాత ఏ అంతస్తు, ఆ తర్వాత ఎన్నో ముక్కగా నిలబెట్టాలి. ఈ మూడూ చెప్తేనే ఆవిడ దృష్టిలో అది ముక్క. లేకపోతే రాయి.

నాకేమో అచ్చు ముఖ్యం. ఒకే కొలత గోడలన్నీ వరసగా పోసుకుంటే ఒకే అచ్చుతో పని గడిచిపోతుంది. ఆవిడ వరసలో పోయాలంటే రోజుకో అచ్చు విప్పాలి, బిగించాలి. "అచ్చు మార్చడమంటే చీర మార్చడం కాదండీ" అన్నానొకసారి.

"చీర కట్టడం మీకేం తెలుసు? నేను బస్సు పట్టుకునే కంగారులో కట్టుకున్న చీర సాయంత్రం దాకా జారదు. మీ అచ్చు అలా ఉంటే చాలు" అన్నారు.

ఆఖరికి నా పోరు పడలేక అవే ముక్కల్ని మోడల్‌లో రెండో వరస కూడా కట్టారు, అచ్చుల ప్రకారం. ఒకే ముక్క ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది. నా వరసకి ఆవిడ పెట్టిన పేరు 'బందరు వారి చాదస్తం'. ఆ పేరుతోనే నాకు ప్రింట్లు వచ్చేవి. యార్డులో కుర్రాళ్లు అది చూసి పళ్లికిలించేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంకో పట్టింపు ఏంటంటే, ఎడమ కుడి అనకూడదు. ఆఫీసులో ఎవరన్నా "లెఫ్ట్ సైడ్ గోడ" అంటే చేతిలో పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టేవారు. "నువ్వు వెనక్కి తిరిగితే నీ లెఫ్టు ఏమైంది? గోడ తిరగదుగా?" అని. తూర్పు పడమరలు కూడా చాలవనేవారు. భవనం చుట్టూ కంటికి కనిపించేదేదో దాని పేరే పెట్టాలి. కాలవ వైపు. రోడ్డు వైపు. మిల్లు వైపు. యార్డులో ఆ పేర్లే ముక్కల మీద రంగుతో రాసేవాళ్లం. మా వాళ్లు దాన్ని ఇంకాస్త లాగారు. "ఒరేయ్, కాలవ వారి పెద్దమ్మాయి ఆరిందా?" "మిల్లు వారి అల్లుడికి బీట వచ్చింది సార్" ఇలా నడిచేది మా యార్డు.

ఏ ఇంటిపేరూ తగలని ముక్కలు తెర అడుగున ఒక చోట పోగయ్యేవి. కంప్యూటరు వాటికేదో ఇంగ్లీషు పేరు పెట్టేది. ఆవిడ దాన్ని తీసేసి 'గాలివాటం' అని రాశారు. గాలివాటం ఖాళీ అయ్యేదాకా ఆవిడ భోజనానికి లేవరు, పక్కవాళ్లనీ లేవనివ్వరు. కుర్చీలో కాళ్లు మడిచి పైకి పెట్టుకుని, పెన్నుతో తెరని పొడుస్తూ, "ఏమ్మా, నీదేవూరు? ఇక్కడేం చేస్తన్నావు?" అని ముక్కని అడిగేవారు. తెర నిండా సిరా చుక్కలు. కొత్తగా చేరిన పిల్ల ఒకతి, ఈవిడది సముద్రం పక్క ఊరు కదా, దివిసీమ ఉప్పెనలో అయినవాళ్లెవరో కొట్టుకుపోయి ఉంటారు, అందుకే ఏదీ లెక్క తప్పనివ్వరని కథ అల్లింది. అది ఆవిడ చెవిన పడింది. "మా వాళ్లంతా శుభ్రంగా ఉన్నారమ్మా. ఏ వస్తువూ దొరకని ఇంట్లో పెరిగాను, అదీ నా ఏడుపు" అన్నారు.

ఆ రోజుల్లో కోడూరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్లో తుఫాను షెల్టరు పని వచ్చింది మాకు. కింద స్తంభాలు, పైన పెద్ద హాలు. మామూలు రోజుల్లో బడి, తుఫానొస్తే ఊరంతా ఎక్కి కూర్చునే చోటు. దక్షిణాన సముద్రం. అందుకని దక్షిణం పక్క స్తంభాలు లావు, గోడలు మందం, కిటికీల్లేవు. ఉత్తరం పక్క ఊరుంది, రోడ్డుంది. అటు గోడలు పల్చన, పెద్ద పెద్ద కిటికీలు. మోడల్‌లో వాటి ఇంటిపేర్లు సముద్రం వైపు, ఊరి వైపు. పునాదులు ఊళ్లో కమిటీయే వేయించుకుంది. స్తంభాలు దిగడానికి గుంటలు వదిలి కాంక్రీటు పోశారు. వానలు ముదిరితే ఆ రోడ్డు మీద ట్రైలరు నడవదు, కార్తీకానికల్లా పైకప్పు పడి తీరాలి. యార్డు మనిషిని నేను, సైటు మొహం అప్పటిదాకా చూడలేదు. మొదటి స్తంభాలు నిలబెట్టేరోజు క్రేనుతో పాటు వెళ్లాను.

మధ్యాహ్నానికల్లా లావు స్తంభాలు సగం దిగిపోయాయి. గుంటలో పెడుతుంటే గ్లాసులో గ్లాసు దిగినట్టు దిగుతున్నాయి. నాకు సంబరమేసింది. సిగ్నలు కోసం ట్రైలరెక్కి ఆవిడకి ఫోన్ చేశాను.

"మేడంగారూ, మీ సముద్రం వారు సగం మంది గృహప్రవేశం చేసేశారు. రోడ్డు మీద నుంచే దించేశాం. క్రేను అవతలికి తోలాల్సిన పని కూడా పడలా."

అవతల బల్ల మీద పెన్ను టకటకా వినపడింది.

"క్రేను అవతలికి తోలకుండా సముద్రం వైపు స్తంభాలు ఎలా పెట్టారు?"

"ఎలా పెట్టడమేంటండీ, గుంటలున్నాయి, పెట్టాం."

"ఇంజనీరు గారూ, మీరు నిలబడ్డ చోటు నుంచి సముద్రం ఎటుంది?"

చూశాను. నా ముందు రోడ్డు, రోడ్డు పక్కనే మేం నిలబెట్టిన లావు స్తంభాలు, వాటి మీద ఎర్ర రంగుతో 'సముద్రం'. అవతల ఖాళీ పునాది, దాని వెనక రొయ్యల చెరువులు, సరుగుడు చెట్లు, వాటి వెనక నుంచి హోరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అటుంది" అన్నాను.

"ఎటు?"

"అవతలి వైపండీ."

"ప్రభువా!" అన్నారు. తర్వాత గొంతు మార్చి, "గాల్లో ఏమన్నా ఉందా ఇప్పుడు?" అనడిగారు.

ఉంది. క్రేనుకి ఇంకో లావు స్తంభం వేలాడుతోంది. అది నల్లరేగడి నేల, పైగా ముందురోజు జల్లు పడింది. క్రేను కాళ్ల కింద చెక్కలు వేసినా ఒక కాలు కొద్దికొద్దిగా దిగుతోంది. ఆపరేటరు క్యాబిన్‌లోంచి, "సార్, ఎక్కువసేపు పట్టుకోలేను, ఎక్కడో చోట పెట్టండి!" అని అరుస్తున్నాడు. కింద గుంట దగ్గర మేస్త్రి కాంక్రీటు గమేళాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"ఇది గుంటలో పెట్టేసి మాట్లాడతానండీ, క్రేను ఒరిగేట్టుంది" అన్నాను.

"గుంటలో పెట్టొద్దు! పెట్టారంటే వాళ్లు కాంక్రీటు పోసేస్తారు, పోశాక దాన్ని బ్రహ్మదేవుడు కూడా పీకలేడు. వెనక్కి తిప్పి నేల మీద పడుకోబెట్టండి. పెట్టినవాటికి పోశారా?"

"లేదు, కొయ్యచీలలతో బిగించి ఉంచాం."

"అయితే ఒక్క గమేళా కూడా పడనివ్వొద్దు. నేను వస్తన్నాను."

వెనక్కి తిప్పాలంటే ఆ బరువు జనం నెత్తి మీదుగా రావాలి. ఊరు ఊరంతా రోడ్డు మీద చోద్యం చూస్తోంది. నేనూ సూపర్‌వైజరూ గొంతు చించుకుని అందరినీ తరిమాం. ఆపరేటరు నన్ను నానా బూతులూ తిడుతూ అంగుళం అంగుళం తిప్పాడు. స్తంభం నేల తాకాక చూస్తే నా చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది.

జరిగింది ఏంటంటే, మోడల్‌లో మెట్లు ఈశాన్యం మూల వచ్చాయి. ఈశాన్యంలో మెట్ల బరువేంటని కమిటీ పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన రొయ్యల చెరువుల ఆసామి, ఊళ్లో ఆయన మాటే మాట. దానికి పునాదుల మేస్త్రి ఉపాయం ఆలోచించాడు. "ఏముందండీ, కాయితం తలకిందులుగా పట్టుకున్నాం. మెట్లు నైరుతికి వచ్చేశాయి. మిగతాదంతా ఎక్కడిదక్కడే!" అని నాకే గొప్పగా చెప్పాడు. భవనం రెండు వైపులా ఒకే పొడవు, ఒకే వెడల్పు. అందుకే ప్రతి ముక్కా చక్కగా సరిపోతోంది. ఇంకో నెలలో లావు గోడలు ఊరికేసి, పెద్ద కిటికీలు సముద్రానికేసి నిలబడేవి. రంగులేసి, రిబ్బను కత్తిరించి, జనాన్ని లోపల కూర్చోబెట్టేవాళ్లం.

సాయంత్రం నాలుగింటికి ఆవిడ దిగారు. గుడివాడ నుంచి బస్సులు మారి, కోడూరు నుంచి ఆటోలో. మొహం నిండా దుమ్ము. తిన్నగా పెద్దాయన దగ్గరికెళ్లి గాలి ఎటు తోస్తుంది, గోడ ఎంత ఆపుతుంది అన్నీ వివరంగా చెప్పారు. ఆయన విన్నంతసేపు విని, "లెక్కలు నాకు చెప్పకమ్మా. ముక్కలన్నీ సరిపోతన్నాయిగా? నీ కాయితంలో ఉన్న మెట్లు ఇక్కడ కుదరవు. పునాది పగలగొడితే ఊరుకోను. రేపటి నుంచి పని కానివ్వండి" అని లేచారు.

నేను నోరు విప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"మెట్లు మీరన్న నైరుతిలోనే ఉంటాయండీ, నేను కదపను. ఒక్క మాట అడుగుతాను. మీ వాస్తులో దక్షిణం బరువుండాలా, ఉత్తరం బరువుండాలా?"

ఆయన ఆగారు. "దక్షిణమే బరువుండాలి. ఉత్తరం తేలిగ్గా ఉండాలి. చిన్నపిల్లాడికి కూడా తెలుసు."

"ఇప్పుడు మీ గుంటల్లో దిగిన లావు స్తంభాలు ఎటున్నాయి?"

పెద్దాయన స్తంభాల వైపు చూశారు. చేతికర్రతో నేల మీద ఏదో గీశారు, చెరిపారు. ఆదివారం చర్చి వదిలేదాకా ఫోనెత్తని మా మేడం ఆయనకి వాస్తు చెప్తున్నారు. నాకు నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. చివరికాయన మేస్త్రి మీద విరుచుకుపడ్డారు. "ఒరేయ్, ఉత్తరం పక్క బరువెత్తించావేంట్రా, దరిద్రుడా! తీయించు!" మేస్త్రి చేతిలో కాయితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు.

ఇక ఆ తర్వాత గుడివాడ గదిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల తిరుగుతుంది. మెట్లు మాత్రమే మూల మారాయి, గోడలు తమ తమ వైపులకే పోవాలి. అంటే ప్రతి ముక్కకీ మళ్లీ ఇల్లు వెతకాలి. పనికొచ్చేదేది, చోటు మారేదేది, పగలగొట్టాల్సిందేది. మాటిమాటికీ కరెంటు పోతోంది. "ఇది పోతుంది" అని ఆవిడ పెన్నుతో పొడిచినప్పుడల్లా నా గోడ ఒకటి చచ్చేది. నా చేతులతో పోయించినవి. "దాన్నెందుకండీ, చెక్కితే సరిపోద్ది" అని నేను, "మీ గుండు చెక్కించుకోండి" అని ఆవిడ. పక్కన ఆఫీసు పిల్లలు బిక్కచచ్చిపోయారు. అన్నం డబ్బాలు విప్పినవాళ్లు లేరు.

అన్నీ తేలాయి, ఒక్కటి తప్ప. మెట్లిప్పుడు దక్షిణం గోడకి ఆనాలి. మెట్లు మోసే దిమ్మెలున్న గోడ మా దగ్గర ఒక్కటే ఉంది, అది ఊరి వైపు కోసం పోసిన పల్చటిది. మందంగా మళ్లీ పోసి ఆరబెట్టేసరికి ఆ రోడ్డు నీళ్లలో ఉంటుంది. దాన్నే సముద్రం వైపు నిలబెట్టి, కిటికీ మూసేసి, లోపల ఇంకో కాంక్రీటు పొర పోయించాలని తేల్చారు. లెక్క రెండుసార్లు చేశారు. విజయవాడ నుంచి పెద్ద డిజైనరుని పిలిపించి ఆయనతోనూ చేయించారు. సరిపోతుందన్నాడు.

"లెక్క ఒప్పుకుందండీ. నా కడుపే ఒప్పుకోటంలా" అన్నారు ఆవిడ. ఆ గోడని గాలివాటంలోనే వదిలేసి కంప్యూటరు ఆపేశారు. అలా వదలడం నేను చూసింది ఆ ఒక్కసారే.

దక్షిణం గుంటలు చెక్కి వెడల్పు చేశాం. స్తంభాలు పీకి అవతల నిలబెట్టాం. వానల్లో ట్రైలరు దిగబడితే ఊరోళ్లే ట్రాక్టర్లు కట్టి లాగారు. పైకప్పు పడింది. ఇంకా రంగులు వెయ్యలేదు, తలుపులు బిగించలేదు, తుఫాను హెచ్చరిక వచ్చేసింది.

తలుపుల సామానుతో వెళ్లిన నేను అక్కడే ఇరుక్కుపోయాను. మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకునేంత మబ్బు. ఊరంతా పిల్లాజెల్లాతో, మూటలతో, కోళ్లతో హాలెక్కింది. ఎక్కిన ప్రతివాళ్లూ తిన్నగా ఉత్తరం గోడ దగ్గరికే పోయారు. సముద్రానికి ఎంత దూరమైతే అంత మంచిదని. కిటికీల సందుల్లోంచి జల్లు కొడుతున్నా అక్కడే ఒకళ్ల మీద ఒకళ్లు కూలబడ్డారు. దక్షిణం పక్కంతా ఖాళీ.

అప్పుడు మెట్ల మీద ఆవిడ. తడిసి ముద్దయ్యారు. ఎవరిదో మోటారుసైకిల్ వెనక కోడూరు నుంచి వచ్చారట. రమ్మని ఎవరూ పిలవలేదు, ఆవిడకి అక్కడ పనీ లేదు.

"మీకేమన్నా పిచ్చా? ఈ గాలిలో ఎందుకొచ్చారు?" అని కోప్పడ్డాను.

జనం వైపు పోకుండా, ఖాళీగా ఉన్న వైపుకే తిరిగి, ఆ పల్చటి గోడ దగ్గర ఆగారు. అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. తర్వాత దానికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. జనమంతా చూస్తున్నారు. ఈ బిల్డింగు కట్టించిన మేడం ఆవిడేనని ఊరందరికీ తెలుసు.

"రండి, కూర్చోండి" అన్నారు నాతో, వాళ్లింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు. నేను పోయి పక్కన కూర్చున్నాను. గాలి గోడకి కొట్టినప్పుడల్లా వీపులో తెలుస్తోంది. నేనే పోయించిన గోడ, దాని లోపల ఏముందో ఇనప ఊచ ఇనప ఊచగా తెలిసినవాణ్ణి, అయినా నా చూపు మెట్ల వైపే పోతోంది.

ముందు ఒక ముసలమ్మ లేచి వచ్చింది, జల్లు పడలేక. ఆవిడ పక్కన చతికిలబడి గోడకి ఆనుకుంది. ఆమె వెనక చంటిపిల్లతో ఒకమ్మాయి. ఆ తర్వాత ఇంకో ఇద్దరు, ముగ్గురు. కాసేపటికి దక్షిణం గోడ పొడుగునా జనం. ముసలమ్మ ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పెన్నుతో దేన్నో ఒకదాన్ని పొడవకుండా రెండు నిమిషాలు ఉండలేని మనిషి అలాగే కదలకుండా ఉన్నారు.

బయట ఏదో పెద్ద చెట్టు విరిగిన చప్పుడైంది. వెంటనే గాలి గోడని ఒక్క తోపు తోసింది. నేను లేవబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. ఒక్క లాగు లాగి కూర్చోబెట్టారు. మొహం మాత్రం జనం వైపే ఉంది, మామూలుగా ఉంది. పెదవులు కదలకుండా నాకొక్కడికే వినపడేట్టు అన్నారు:

"నాకు చచ్చే భయంగా ఉందండీ. లేవకండి. మనం లేస్తే వీళ్లంతా లేస్తారు."

గాలి తగ్గేదాకా నేను లేవలేదు.